చూరు కింద గడ్డి గులాబీ

ఫిబ్రవరిలో నిండా పూలతో కొని తెచ్చుకున్న వేలాడే బుట్టను జులైలో ఖాళీగా పట్టుకొచ్చి, "రోజూ నీళ్లు పోశానండీ, అయినా చచ్చిపోయింది" అని చెప్పే గృహిణి విస్తరణ విభాగంలో పనిచేసినవారెవరికీ కొత్త కాదు. వరి, ఆయిల్ పామ్, కోకో, చేపల చెరువుల సమస్యల నడుమ ఈ ప్రశ్న చిన్నదిగా తోచి, ఏదో ఒక మందు పేరు రాసి పంపివేయడం కూడా కొత్త కాదు. ఆమె మాటలో "అయినా" అన్నచోట "అందువల్లనే" అని చదువుకుంటే సమాధానంలో సగం దొరుకుతుంది. మిగతా సగం ఆ బుట్ట ఏ ఊరిలో, ఏ మట్టిలో, ఇంటికి ఏ దిక్కున వేలాడిందన్న దానిలో ఉంది.

ఈ వ్యాసానికి పెదవేగిని ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంది. ఒకనాటి వేంగి రాజధాని, నేడు ఆయిల్ పామ్ పరిశోధన సంస్థకు నిలయమైన ఈ ఊరు మెట్ట ప్రాంతం. ఇక్కడివి నీరు సులువుగా ఇంకిపోయే ఎర్ర ఇసుక నేలలు. ఇక్కడి నుంచి ఏలూరు దాటి దక్షిణంగా గంట ప్రయాణం చేస్తే కొల్లేటి పల్లం వస్తుంది. అక్కడిది నీటిని పట్టుకొని వదలని నల్ల బంకమట్టి, చుట్టూ చెరువులు, ఉదయం పదింటికి కూడా ఆరని తేమ. తూర్పుగా తాడేపల్లిగూడెం వైపు వెళితే కాలువల కింది వరి నేలలు. ఒకే నర్సరీ బండిలో వచ్చిన ఒకే మొక్క ఈ మూడుచోట్లా మూడు రకాలుగా బ్రతుకుతుంది. కాని దానితోపాటు వచ్చే సలహా మాత్రం అన్నిచోట్లా ఒకటే. అదీ చాలావరకు శీతల దేశాల ఇళ్లకోసం రాసినదే.

మొక్క పరిచయం

గడ్డి గులాబీ, నాచు పూలు, టేబుల్ రోజా, పదిగంటల పువ్వు అని ఊరినిబట్టి పిలిచే ఈ మొక్క శాస్త్రీయ నామం పోర్చులాకా గ్రాండిఫ్లోరా. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనాలో పంపా మైదానాల పడమటి అంచుకు, మెండోజా సమీపాన ఉన్న పర్వత పాదానికి మధ్య తేలికపాటి ఇసుక నేలల్లో జాన్ గిలీస్ దీనిని సేకరించగా, విలియం జాక్సన్ హుకర్ 1829లో కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్‌లో తొలిసారి వర్ణించాడు. ఇసుక నేల, ఆరుబయలు, తక్కువ వర్షం అనే ఈ మూడు మాటలను గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయేదంతా వాటికి వ్యాఖ్యానమే.

ఇది మాంసల మొక్క, అంటే నర్సరీలవారు సక్యులెంట్ అని పిలిచే తరగతికి చెందినది. ఒక జాన ఎత్తు మించకుండా నేలబారుగా పాకుతుంది. వేలాడే బుట్టలో నాటితే అంచు దాటి కిందికి జారుతుంది. ఆకులు సన్నగా, గుండ్రంగా, నీటితో నిండి ఉంటాయి. ఆకులు బల్లపరుపుగా, వెడల్పుగా ఉండి నర్సరీల్లో పోర్చులాకా అనే పేరుతోనే అమ్ముడయ్యే మొక్కలు చాలావరకు దీనికి దగ్గరి చుట్టమైన పోర్చులాకా అంబ్రాటికోలా రకాలు. విద్యార్థులు ఈ రెండింటినీ కాయను చూసి తేల్చుకోవచ్చు. అంబ్రాటికోలా కాయ చుట్టూ సన్నని రెక్కవంటి వలయం ఉంటుంది, గ్రాండిఫ్లోరాకు ఉండదు. వేలాడే బుట్టకు అంబ్రాటికోలాయే కొంత మేలు, ఎందుకంటే దాని కొమ్మలు బాగా సాగుతాయి. పెంపకం మాత్రం రెండింటికీ ఒకటే.

మూడో చుట్టం మన పొలం గట్ల మీదే ఉంది. పప్పులో వేసుకొనే గంగపాయలకూర, కొన్నిచోట్ల పావిలికూర అనేది, పోర్చులాకా ఒలరేసియా. కలుపు మొక్కగా దానిని పీకి గట్టున పారేస్తే రెండు రోజులు ఎండలో పడి ఉండి, చిన్న జల్లు పడగానే మళ్లీ వేరు పట్టడం రైతులందరూ చూసినదే. గడ్డి గులాబీ స్వభావం కూడా అదే. పీకి పారేస్తే చావని మొక్క, ముద్దుగా చూసుకుంటే చస్తున్నదంటే మన ముద్దులోనే ఏదో పొరపాటు ఉండాలి.

ఆకులో ఏం జరుగుతుంది

పోర్చులాకా జాతికి మొక్కల శరీర ధర్మశాస్త్రంలో ప్రత్యేక స్థానం ఉంది. నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు ఇవి మొక్కజొన్న, చెరకు మాదిరిగా సి4 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. నీటి ఎద్దడి వచ్చినప్పుడు కలబంద, బ్రహ్మజెముడు వంటి మొక్కల్లో ఉండే క్యామ్ పద్ధతిని కూడా ఆశ్రయిస్తాయి. అంటే రాత్రివేళ పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపంలో నిలువచేసుకొని పగలు వాడుకుంటాయి. ఈ రెండూ ఒకే మొక్కలో ఉండడం అరుదు. గంగపాయలకూరలో ఈ రెండు పద్ధతులూ ఒకే కణాలలో కలిసి పనిచేస్తాయని 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వెలువడిన పరిశోధన నిరూపించింది.

ఇంటి మొక్కగా పెంచేవారికి దీనినుంచి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, నీరు లేకపోవడాన్ని తట్టుకొనే ఏర్పాటు ఈ మొక్కలో పుట్టుకతోనే ఉంది. రెండు, సి4 మొక్క కావడంవల్ల దీనికి కావలసిన వెలుతురు చాలా ఎక్కువ. చెరకును హాల్లో సోఫా పక్కన పెంచాలని ఎవరూ అనుకోరు. గడ్డి గులాబీని అక్కడ పెట్టడం కూడా అటువంటిదే.

పూల రంగుల గురించి ఒక మాట. ఈ పసుపు, నారింజ, ఊదా, ఎరుపు రంగులు మందారంలో ఉండే ఆంథోసయనిన్ల వల్ల వచ్చేవి కావు. బీట్‌రూట్‌లో, కాగితపు పూలలో ఉండే బీటలైన్ వర్ణకాల వల్ల వచ్చేవి. ఆ వర్ణకాల తయారీలో కీలకమైన ఎంజైమ్ జన్యువును 2004లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఈ మొక్కలోనే గుర్తించారు. పూసిన పువ్వు మధ్యలోని కేసరాలను పుల్లతో సుతారంగా తాకితే అవి తాకిన వైపుకు వంగుతాయి. ప్రయోగశాల అవసరం లేని ఈ పాఠాన్ని విద్యార్థులకు ఉదయం పదిగంటల ప్రాంతంలో చూపించాలి, ఎందుకంటే ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క పూట మాత్రమే. పువ్వు విచ్చుకోవడంలో ఉదయపు వేడి పెరుగుదలది ముఖ్యపాత్ర. మబ్బు పట్టిన చల్లని రోజున మొగ్గలు ముడుచుకొనే ఉంటే అది తెగులు కాదని గృహిణులకు చెప్పవలసి ఉంటుంది.

దక్షిణపు కిటికీ అనే అపోహ

ఇంటి మొక్కల పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే సలహా "దక్షిణం వైపు కిటికీ దగ్గర ఉంచండి" అన్నది. లండన్‌కో న్యూయార్క్‌కో అది ఏడాది పొడవునా సరైన మాట. పెదవేగి ఉన్నది సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏటా మే 7 ప్రాంతంలో సూర్యుడు ఇక్కడ మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తరువాత ఆగస్టు 6 ప్రాంతం వరకు మనకు ఉత్తరంగానే సంచరిస్తాడు. ఆ మూడు నెలలూ నిటారుగా ఉన్న దక్షిణపు గోడమీద ఉదయంగాని, మధ్యాహ్నంగాని, సాయంత్రంగాని నేరుగా ఎండ పడదు. డిసెంబరు చివరన మాత్రం మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉండి వసారా లోపలిదాకా ఎండ పంపుతాడు. సంక్రాంతికి దక్షిణపు వసారాలో విరగబూసిన బుట్ట జూన్ నాటికి పూత మానివేసిందంటే ఎరువు లోపమని అనుకోవడానికి ముందు ఈ లెక్క చూడాలి.

తూర్పు ముఖం ఈ చిక్కుకు సులువైన పరిష్కారం. అక్కడ ఏడాది పొడవునా ఉదయపు ఎండ అందుతుంది. ఈ పూలు విచ్చుకొనేదీ అప్పుడే. పడమటి ఎండ మొక్కకు హాని కాదు గాని, మే నెలలో ప్లాస్టిక్ బుట్టలోని కొద్దిపాటి మట్టిని అది కుంపటిలా వేడెక్కిస్తుంది.

వెలుతురు ఎంత అన్నది కంటితో అంచనా వేయడం కష్టం, ఎందుకంటే మన కన్ను నీడకు త్వరగా అలవాటు పడుతుంది. నిర్మలమైన మధ్యాహ్నం ఆరుబయట సుమారు 1,00,000 లక్సుల వెలుతురు ఉంటే, వసారా అంచున ఎండ తగలనిచోట అది కొన్ని వేలకు, కిటికీకి మూడు మీటర్ల లోపల గదిలో కొన్ని వందలకు పడిపోతుంది. చరవాణిలో లక్సు కొలిచే యాప్ పూర్తిగా ఖచ్చితం కాకపోయినా ఈ తేడాను చూపడానికి చాలు. మహిళా బృందాల శిక్షణలో ఉపన్యాసానికి బదులు ఫోనును వారి చేతికిచ్చి గది మధ్యనుంచి వసారా అంచుదాకా నడిపిస్తే ఈ విషయం మరి మరచిపోరు. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడని చోట గడ్డి గులాబీ బ్రతికి ఉండవచ్చు గాని పూయదు. కణుపుల మధ్య దూరం పెరిగి, కాడలు పాలిపోయి వెలుగు వైపుకు సాగుతాయి. దీనిని ఇంటిలోపలి మొక్కగా కాక చూరు అంచు మొక్కగా పరిచయం చేయడమే నిజాయితీ.

మట్టి, దాని అడుగున నిలిచే నీరు

కడియం ప్రాంతపు నర్సరీలనుంచి మన ఊళ్లకు వచ్చే బుట్టల్లో చాలావాటిలో ఉండేది కొబ్బరిపొట్టు. రవాణాకు తేలిక కావడంవల్ల నర్సరీకి అది అనువైనదే. అక్కడ వేలాది మొక్కలను రోజూ చూసే పనివారు ఉంటారు, ఎండ ఉంటుంది. కాని కొబ్బరిపొట్టు తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. ఇంటికి వచ్చాక, పైపొర ఆరినట్లు కనిపిస్తున్నా లోపల తడిగానే ఉన్న ఆ పొట్టులో ఇసుక నేలల మొక్క నిలవడం కష్టం. అందువల్ల బుట్ట కొన్న పదిహేను రోజుల్లోగా మట్టి మార్చడం అవసరం.

మెట్టవారికి మిశ్రమం సులభం. అక్కడి ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, నల్లగా కాల్చిన ఊక ఒక పాలు కలిపితే సరిపోతుంది. తాడేపల్లిగూడెం పరిసరాల్లో రైసుమిల్లుల ఊకకు కొదవలేదు. అయితే ఊకను పూర్తిగా తెల్లని బూడిద అయ్యేదాకా కాల్చకూడదు. ఆ బూడిద మట్టికి క్షారగుణం తెస్తుంది, గాలిరంధ్రాలను పూడ్చివేస్తుంది. గాలి తక్కువగా ఆడేటట్లు కప్పి కాల్చి, నల్లబొగ్గుగా ఉన్నప్పుడే నీళ్లు చల్లి ఆర్పాలి. కొల్లేటి పల్లంలోని వారు పెరట్లోని నల్లమట్టిని ఇందులో గుప్పెడు కూడా కలపకపోవడం మంచిది. ఒక పాలు బంకమట్టి నాలుగు పాళ్ల ఇసుక సందులనూ పూడ్చగలదు. బంధువుల ఇంటికి మెట్టకు వెళ్లినప్పుడు ఒక సంచి ఎర్రమట్టి తెచ్చుకోవడమే ఉత్తమం.

ఇక్కడ మన పుస్తకాల్లో పాతుకుపోయిన ఒక సలహాను సవరించాలి. నీరు బాగా దిగడానికి కుండ అడుగున పెంకులు, గులకరాళ్లు పరవమని దశాబ్దాలుగా చెబుతున్నాం. ఈ వ్యాసకర్త కూడా చెప్పాడు, తన వసారాలోని మొదటి బుట్టను అలాగే నింపి కుళ్లబెట్టాడు. సన్నని మట్టికింద పెద్ద రాళ్ల పొర ఉన్నప్పుడు మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా నీరు ఆ పొరలోకి దిగదు. కేశనాళికా బలం దానిని పైనే పట్టి ఉంచుతుంది. ఫలితంగా ఏ కుండలోనైనా అడుగున నిలిచే తడిపొర రాళ్ల పైభాగానికి, అంటే వేళ్లకు మరింత దగ్గరగా జరుగుతుంది. రంధ్రంమీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్కగాని, వలగుడ్డ ముక్కగాని చాలు.

తరగతిలో దీనిని చూపడానికి గిన్నెలు తోమే స్పాంజి ఒకటి ఉంటే చాలు. నీటిలో ముంచి బల్లపరుపుగా పట్టుకుంటే కొంతసేపటికి కారడం ఆగిపోతుంది. అప్పుడు దానిని నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. ఒకే స్పాంజి, ఒకే నీరు, మారింది ఎత్తు మాత్రమే. తడిపొర మందం మట్టి రేణువుల పరిమాణాన్నిబట్టి ఉంటుందిగాని కుండ లోతును బట్టి కాదు. కాబట్టి లోతు తక్కువైన వేలాడే బుట్టలో తడిపొర వాటా ఎక్కువ. అందమైన పళ్లెంవంటి బుట్టలకు మిశ్రమం మరింత ముతకగా ఉండవలసింది ఇందుకే. పోసిన నీరు అర నిమిషంలోపు అడుగు రంధ్రంనుంచి రావడం మొదలుపెడితే మిశ్రమం సరిగా ఉన్నట్లు. కింద అతికించిన ప్లాస్టిక్ పళ్లెంలో ఆ నీరు నిలువకుండా దానిని ఊడదీయాలి.

నీరు, వాన

ఎన్ని రోజులకొకసారి నీళ్లు పోయాలని అందరూ అడుగుతారు. దానికి అంకె చెప్పడం సరికాదు. బుట్టను ఎత్తి చూడమనాలి. తడిసినప్పటి బరువు, ఆరినప్పటి బరువు చేతికి వారంలోనే తెలిసిపోతాయి. ఆరినప్పుడు పోస్తే అడుగునుంచి కారేదాకా పోయాలి. తరువాత మళ్లీ తేలికయ్యేదాకా ఆగాలి. మే నెలలో మెట్టమీద చిన్న ప్లాస్టిక్ బుట్టకు రోజూ ఉదయం నీరు అవసరం కావచ్చు. అదే బుట్టకు ఆగస్టు ముసురులో పది రోజులపాటు చుక్క కూడా అవసరం ఉండదు. ఆకులు కొద్దిగా ముడతపడి మెత్తబడితే దాహం. ఆకులు గాజులా పారదర్శకమై తాకగానే రాలిపోతూ, కాడ మొదలు నల్లబడితే నీరు ఎక్కువైనట్లు. ఈ రెండో స్థితిని కూడా దాహమేనని భ్రమపడి మరో చెంబెడు పోయడంతోనే చాలా మొక్కలు పోతున్నాయి.

కొల్లేటి చుట్టుపక్కల కొన్ని బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుండ అంచున తెల్లని పొర కడుతుంటే అదే ఆనవాలు. నెలకొకసారి నిలువచేసిన వాననీటితో రెండుసార్లు ధారగా కడిగి దింపితే ఆ ఉప్పు పోతుంది.

ఏడాదిలో సుమారు 1,100 మిల్లీమీటర్ల వర్షం, అందులో అత్యధికం జూన్ నుంచి అక్టోబరు లోపు కురిసే ఈ ప్రాంతంలో గడ్డి గులాబీకి గడ్డుకాలం వేసవి కాదు, వానకాలమే. ఇందుకు ఇంటి చూరుకే రెండు కొక్కేలు బిగించుకోవడం మంచి ఉపాయం. ఒకటి చూరు అంచున, మరొకటి రెండడుగుల లోపల. ఎండ రోజుల్లో బుట్ట బయటి కొక్కేనికి, ముసురు పట్టినప్పుడు లోపలి కొక్కేనికి మారుతుంది. చూరునుంచి కారే ధార నేరుగా బుట్టలో పడితే ఒక్క రాత్రి చాలు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా పల్లంలో కొన్ని పోతాయి. కాబట్టి బీమా అవసరం. తొలకరికి ముందు, మే చివరలో, పూత లేని చివరి కొమ్మలను మూడు అంగుళాల ముక్కలుగా తుంచి, ఒక పూట నీడలో ఆరనిచ్చి, తడి ఇసుకలో గుచ్చితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. ముద్ద పూల రకాలు విత్తనం సరిగా కట్టవు గనుక వాటికి ఇదొక్కటే దారి. ఒంటి రెక్కల రకాల కాయ మూతపెట్టిన భరిణెలా ఉండి, పండగానే పైమూత ఊడి గింజలు రాలుతాయి. గ్రాముకు సుమారు 10,000 గింజలుంటాయి. ఇంత సన్నని గింజకు మొలవడానికి వెలుతురు కావాలి, అందువల్ల మట్టితో కప్పకుండా ఇసుకతో కలిపి పైన చల్లి, చేత్తో అదిమితే చాలు.

ఎరువు విషయంలో పొదుపే మేలు. పూత కాలంలో మూడు వారాలకొకసారి 19:19:19 లీటరుకు ఒక గ్రాము చొప్పున సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే కాడలు నీరుపట్టి, పూలు తగ్గి, కుళ్లుకు లోబడతాయి.

కుళ్లు, పురుగులు

కాడ మొదలు కుళ్లుకు పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలు కారణం కావచ్చు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లలో పోయమనడం మనకు అలవాటు. మట్టి తడి తగ్గకుండా ఆ మందు ఒక్కటే మొక్కను నిలపదు. కుళ్లు కనిపించిన రోజునే, దానికి పైన ఉన్న ఆరోగ్యవంతమైన కొసలను తుంచి కొత్త ఇసుకలో నాటుకోవడం మందుకన్నా నమ్మదగినది. పాత మట్టిని మళ్లీ వాడకూడదు.

పిండినల్లిని తేలికగా తీసుకోరాదు. పత్తిని పీడించే ఫీనాకోకస్ సోలెనాప్సిస్ పోర్చులాకా జాతి మొక్కలమీద కూడా బ్రతుకుతుంది. కణుపుల్లో తెల్లని దూది కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె 1500 పి.పి.ఎం. 5 మిల్లీలీటర్లు లీటరు నీటికి కొద్దిగా సబ్బుద్రావణంతో కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. పురుగు పట్టిన కొమ్మలను పెరటి కూరపాదులపై విసరకూడదు. పల్లంలో వానకాలపు రాత్రుల్లో నత్తలూ వస్తాయి, వాటికి వేలాడే బుట్ట కొంత అందనిదే.

గది లోపలే కావాలంటే

ఎండ రాని ఇల్లు ఉన్నవారికి గడ్డి గులాబీని అంటగట్టడం కన్నా మరో మొక్క చూపడం మంచిది. దళసరి ఆకుల హోయా తీగ కిటికీ దగ్గరి ప్రకాశవంతమైన నీడలో బ్రతికి, మైనంతో చేసినట్లుండే పూలగుత్తులు ఇస్తుంది. పూలు రాలిన తరువాత మిగిలే మొండి కాడను కత్తిరించకూడదు. మళ్లీ పూత వచ్చేది దానిమీదనే.

మన కోస్తాకు చెందిన వేలాడే మాంసల మొక్క కూడా ఉందని విద్యార్థుల్లో ఎందరికి తెలుసో అనుమానమే. సామర్లకోటలో తోట నెలకొల్పి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడడం మొదలైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో సెరోపీజియా జన్సియాను చిత్రంతో సహా వర్ణించాడు. ఆకులు దాదాపు లేనట్లే ఉండే పచ్చని కండగల తీగ, గొట్టంవంటి వింత పువ్వు. నేడు ఇళ్లలో హృదయాకారపు ఆకులతో వేలాడే సెరోపీజియా వుడియై ఆఫ్రికానుంచి వచ్చిన దాని బంధువు. మన సెరోపీజియాలు పలుచోట్ల అరుదైపోతున్నాయి. అడవినుంచి పీకి తెచ్చి కుండీలో పెట్టడం ఎంతమాత్రం తగదు. విశ్వవిద్యాలయ తోటల్లో కొమ్మలద్వారా వృద్ధిచేసి అందించగలిగితే అది వెంకటరామన్నగూడెం విద్యార్థులకు ఒక మంచి పరిశోధనాంశం కాగలదు.

ప్రస్తుతానికి చూరు కింది బుట్ట దగ్గరకు వస్తే, మే మొదటివారంలో దానిని దక్షిణపు వసారానుంచి తూర్పుకు మార్చాలి. మే చివర కొమ్మలు తుంచి ఇసుకలో పెట్టాలి. తొలకరి పడగానే లోపలి కొక్కేనికి తగిలించి, చెంబును బుట్టకు దూరంగా ఉంచాలి. ఆగస్టు రెండోవారంనుంచి దక్షిణపు గోడమీద ఎండ మళ్లీ కనిపించడం మొదలవుతుంది. వానలు వెనుకపట్టిన తరువాత, వేరుపట్టిన కొత్త కొమ్మలతో నింపిన బుట్టను అక్కడి బయటి కొక్కేనికి తగిలించవచ్చు.